గుజ్జుగా మారమని ఆ కణానికి చెప్పేదెవరు?

మా మేనమామ ఆర్టీసీలో ముప్పై ఏళ్లు బస్సు నడిపి రిటైరయ్యాడు. రెండు మోకాళ్లలోనూ గుజ్జు అరిగిపోయిందని డాక్టరు తేల్చేశారు. ఆపరేషన్ మాట వింటేనే ఆయనకు టెన్షన్. అలాంటి సమయంలో ఫోన్‌లో ఒక ప్రకటన కనబడింది. పొట్ట దగ్గరి కొవ్వులోంచి మూలకణాలు (స్టెమ్ సెల్స్) తీసి మోకాల్లోకి ఎక్కిస్తారట, కొత్త గుజ్జు పుట్టుకొస్తుందట. ఒక మోకాలికి ఒక రేటు, రెండూ చేయించుకుంటే తగ్గింపు. అది నాకు చూపించి ఆయన ఒకటే అడిగాడు: "కొవ్వులో ఉన్న కణం మోకాల్లోకి వచ్చాక గుజ్జుగా మారాలని దానికి ఎవరు చెప్తార్రా?"

నేను డిగ్రీలో జీవశాస్త్రం చదివాను. క్లాసులో ఇంత సూటి ప్రశ్న ఎవరూ అడిగిన గుర్తు లేదు. మూలకణాల పేరుతో ఇవాళ సాగుతున్న వ్యాపారంలో సింహభాగం ఈ ప్రశ్న ఎవరూ అడగరన్న ధీమా మీదే నడుస్తోందని నా అభిప్రాయం.

మన ఒంట్లో 200కు పైగా రకాల కణాలున్నాయి. కాలేయ కణంలో ఉన్న డీఎన్‌ఏనే మెదడు కణంలోనూ ఉంటుంది. ప్రొటీన్లు తయారుచేసే జన్యువులు సుమారు 20,000. వాటిలో ఏవి పనిచేయాలి, ఏవి మూతపడి ఉండాలన్న దగ్గరే తేడా వస్తుంది. మూతపడ్డవి చెరిగిపోవని 1962లో జాన్ గర్డన్ చూపించాడు. కప్ప పేగు కణంలోని కేంద్రకాన్ని తీసి, సొంత కేంద్రకం పనిచేయకుండా చేసిన అండంలో పెడితే తోకకప్పలు పుట్టాయి. 2006లో షిన్యా యమనక కేవలం నాలుగు జన్యువులను చొప్పించి ఎలుక చర్మ కణాలను పిండ దశ కణాల్లాంటి స్థితికి వెనక్కి నడిపించాడు. 2012లో ఇద్దరికీ కలిపి నోబెల్ ఇచ్చారు. "మూలకణం ఏదైనా కాగలదు" అన్న మాట ప్రకటనలకు బాగా పనికొచ్చింది. అన్ని మూలకణాలకూ ఆ శక్తి లేదు, కొవ్వులో దొరికేవాటికి అసలే లేదు. ఒకవేళ ఉన్నా, ఏదైనా కాగలిగినది మనకు కావలసినదే ఎందుకవుతుంది?

దీనికి జవాబు వందేళ్ల కిందటి ఒక ప్రయోగంలో ఉంది. జర్మనీలోని ఫ్రైబర్గ్‌లో హిల్డె మాంగోల్డ్ అనే పరిశోధక విద్యార్థిని న్యూట్ పిండాలతో పనిచేసేది. న్యూట్ అంటే చూడ్డానికి బల్లిలా ఉండే, నీళ్లలో గుడ్లు పెట్టే ఉభయచరం. దాని పిండం ఆవగింజంత ఉంటుంది. లేత రంగు జాతి పిండంలోంచి ఒక చిన్న ముక్క కోసి, ముదురు రంగు జాతి పిండంలో పొట్ట రావలసిన చోట అతికించింది. కొన్ని పిండాల్లో అక్కడ రెండో వెన్ను, రెండో నాడీ గొట్టం (తర్వాత మెదడు, వెన్నుపాము అయ్యేది) లేచాయి, పొట్టలు అతుక్కున్న కవలల్లా. అతికించిన ముక్కే పెరిగి రెండో శరీరం అయిందనుకుంటాం కదా. రంగులు చూస్తే కథ వేరే. రెండో శరీరంలో చాలా భాగం, నాడీ గొట్టంతో సహా, ముదురు రంగు కణాలదే. పొట్ట చర్మం కావలసిన కణాలను ఆ ముక్క పక్కన చేరి మరో దారి పట్టించింది.

1924లో వ్యాసం వచ్చింది. అచ్చులో చూసుకోకముందే మాంగోల్డ్ వంటగది స్టవ్ ప్రమాదంలో కాలిపోయి 25 ఏళ్లకే చనిపోయింది. వ్యాసంలో తన పేరు ముందు వేసుకున్న గురువు హాన్స్ స్పేమన్‌కు 1935లో నోబెల్ వచ్చింది.

ఆ ముక్క పక్క కణాలతో ఏం చెప్పిందో తెలియడానికి 1990ల దాకా ఆగాల్సి వచ్చింది. అది "మీరు నాడులు కండి" అని చెప్పదట. చుట్టూ అప్పటికే "చర్మం కండి, చర్మం కండి" అని బీఎంపీ అనే ప్రొటీన్ పోరుతూ ఉంటుంది. అతికించిన ముక్క నాగిన్, కార్డిన్ అనే ప్రొటీన్లను వదిలి ఆ పోరుకు అడ్డుపడుతుంది, అంతే. ఆ పోరు వినిపించకపోతే కణాలు వాటంతటవే నాడుల దారి పడతాయి. నాకు జీవశాస్త్రంలో ఇంతకంటే అందమైన సంగతి తెలియదు.

పెద్దయ్యాక కూడా ఈ మాటలు ఆగవు. ఆధారంగా ఉన్న కణజాలం నుంచి ఊడిపోయిన మామూలు కణం తనను తానే చంపుకుంటుంది, ఎందుకంటే బతికుండమనే సంకేతం దానికి చుట్టుపక్కల నుంచే అందుతుంది. ఆ మాటలు పట్టించుకోవడం మానేసినా బతకడం నేర్చుకున్నది క్యాన్సర్ కణం.

ఈ దృష్టితో చూస్తే మూలకణాల చికిత్సలో ఏవి నెగ్గాయి, ఏవి నెగ్గలేదన్నది అంత వింతగా ఉండదు. ఎముక మజ్జ మార్పిడిలో దాత కణాలను చేతి నరంలోకో ఛాతీ దగ్గరి నరంలోకో ఎక్కిస్తారు, ఎముకలోకి కాదు. అయినా అవి మజ్జకు చేరుకుంటాయి. మజ్జలోని కణాలు సీఎక్స్‌సీఎల్12 అనే ప్రొటీన్‌ను వదులుతూ వాటిని పిలుస్తుంటాయి మరి. ఆ పిలుపు అందకుండా చేసే ప్లెరిక్సాఫోర్ అనే మందు కూడా ఉంది. తమ కణాలే తిరిగి ఎక్కించుకోబోయే కొందరు రోగుల్లో మజ్జను సూదితో గుచ్చకుండా, మరో మందుతో పాటు దీన్ని ఇచ్చి మూలకణాలను రక్తంలోకి రప్పించి అక్కడి నుంచి సేకరిస్తారు.

మన హైదరాబాద్‌లోనే ఇంకో ఉదాహరణ ఉంది. పాన్‌లోకి, ఖైనీలోకి వాడే సున్నం ప్యాకెట్‌ను పిల్లలు నొక్కి ఆడుకుంటుంటే చిట్లి కంట్లో పడుతుంటుంది. నల్లగుడ్డు, తెల్లగుడ్డు కలిసే అంచును లింబస్ అంటారు. కార్నియా (నల్లగుడ్డును కప్పే పారదర్శక పొర) పైభాగాన్ని రోజూ కొత్తగా నింపే మూలకణాలు ఉండేది అక్కడే. సున్నానికి అవి కాలిపోతే తెల్లగుడ్డు మీది పొర రక్తనాళాలతో సహా కార్నియా మీదికి పాకి చూపు మసకబారుతుంది. ఎల్వీ ప్రసాద్ కంటి ఆస్పత్రిలో వీరేంద్ర సాంగ్వాన్ బృందం 2012లో ఒక పద్ధతి ప్రకటించింది. బాగున్న రెండో కంటి లింబస్ నుంచి సుమారు రెండు మిల్లీమీటర్ల ముక్క తీస్తారు. దాన్ని ఎనిమిదో పదో తునకలు చేస్తారు. దెబ్బతిన్న కంటి మీద ఉమ్మనీటి సంచి పొర పరిచి, దానిమీద తునకలను జిగురుతో అంటిస్తారు. కణాలను ల్యాబ్‌లో పెంచే ఖర్చు ఉండదు. కొద్ది వారాల్లో తునకల చుట్టూ పొర అల్లుకుంటుంది. కార్నియాను కప్పడం ఆ కణాలకు పుట్టినప్పటి నుంచి అలవాటైన పనే. రెండు కళ్లూ కాలితే మాత్రం సొంత ముక్క దొరకదు, కార్నియా లోపలి పొరలు దెబ్బతింటే ఇదొక్కటే చాలదు.

ఇల్లు మార్చిన కణాల సంగతి వేరు. వెన్నుపూస గాయమైన ఒక అమెరికా యువతికి ముక్కు లోపలి పొర కణాలను వెన్నుపాములో పెట్టారు. ఎనిమిదేళ్ల తర్వాత నడుం నొప్పి వస్తే తెరిచి చూశారు. లోపల గడ్డ, దాన్నిండా చీమిడి లాంటి చిక్కటి ద్రవం. ముక్కు కణం వెన్నులోనూ ముక్కు పనే చేసింది. ఫ్లోరిడాలో ఇంకా ఘోరం: కొవ్వు నుంచి తీసిన కణాలను ముగ్గురు వృద్ధ మహిళలకు ఒకేసారి రెండు కళ్లలోకీ ఎక్కించారు, ముగ్గురూ చూపు పోగొట్టుకున్నారు. 2017లో ఇది వైద్య పత్రికకెక్కింది. ఒక్కొక్కరి దగ్గర 5,000 డాలర్లు తీసుకున్నారు.

మోకాలి ప్రకటనల్లో వాడే ఈ రకం కణాలకు 1991లో 'మెసెంకైమల్ స్టెమ్ సెల్' అనే పేరును ప్రచారంలోకి తెచ్చింది ఆర్నాల్డ్ క్యాప్లాన్. 2017లో ఆయనే ఆ పేరు మార్చండని రాశాడు. ఎక్కించిన చోట ఇవి కొత్త కణజాలంగా మారడం లేదు, రకరకాల సంకేతాలు వదిలి అక్కడి కణాలను కదిలిస్తున్నాయి, కాబట్టి 'ఔషధ సంకేత కణాలు' అనండి అన్నాడు. నొప్పి, వాపు కొంతకాలం తగ్గే అవకాశాన్ని నేను కొట్టిపారేయను. కానీ గుజ్జులో రక్తనాళాలు లేవు, ఉన్న కణాలూ తక్కువ. కదిలించినా లేచి పనిచేసేవాళ్లు కొందరే.

భారత వైద్య పరిశోధన మండలి 2017 మార్గదర్శకాలు రుజువైన కొద్దిపాటి వాడకం తప్ప, క్లినికల్ ట్రయల్ బయట మూలకణాలు ఎక్కించడం అనైతికమని తేల్చాయి. ట్రయల్ అయితే రోగి దగ్గర డబ్బు తీసుకోకూడదు. అయినా ప్రకటనలు ఆగలేదు. క్లినిక్ మీద ఫిర్యాదు చేసేదాకా ఎవరూ కదలకపోవడం, మోసపోయినవాళ్లు సిగ్గుతో నోరు విప్పకపోవడం, ఈ రెండూ కలిసొచ్చాయి వాళ్లకు.

మామయ్య ఆ క్లినిక్‌కు ఫోన్ చేసి, నన్నడిగిన ప్రశ్నే అడిగాడట. ఫోనెత్తిన అమ్మాయి కాసేపు ఆగి, "సర్, ఆఫర్ ఈ నెలాఖరు దాకానే ఉంది" అందట.