పచ్చిక పీకి పచ్చదనం

ఉదయగిరి వైపు ఓ బీడు పక్కన బోర్డు వెలిసింది: ‘ఖాళీ స్థలం. మొక్కలు నాటుటకు ఎంపిక చేయడమైనది.’ ఖాళీ అని ఎలా తేల్చారయ్యా అంటే, ఏప్రిల్ మిట్టమధ్యాహ్నం కారు అద్దం దించకుండా చూసి తేల్చారు. ఆ వేళకు మన ఆఫీసులూ ఖాళీగానే ఉంటాయి, వాటిలో ఎవరూ కానుగ మొక్కలు నాటలేదు.

తప్పు వాళ్లది కాదులెండి. దేశపు బంజరు భూముల అట్లాసులోనే పొదల నేలలకు, పాడైన మేత భూములకు చోటుంది. రెండు వానలు పడ్డాక అక్కడ నీలం విష్ణుక్రాంత, ఊదా వెంపలి, తెల్ల తుమ్మి, పసుపు పల్లేరు పూస్తాయని అట్లాసుకు చెప్పేదెవరు?

పచ్చదనం పెంచాలంటే ముందు ఉన్న పచ్చదనం తీసేయాలి గదా, జేసీబీ వచ్చి తంగేడు పొదల్ని పెళ్లగించింది. షామియానా లేచింది. ఒక్క మొక్కను ఎనిమిది మంది పట్టుకున్నారు. ‘సార్, ఇంకొక్కసారి మట్టి వేయండి’ అన్నాడు ఫొటోగ్రాఫరు. సారు మళ్లీ వేశారు, బూటు కింద విష్ణుక్రాంత నలిగింది. వినాయక చవితికి అదే సారు పీట మీద కూర్చున్నారు. ‘భిన్నదంతాయ నమః, విష్ణుక్రాంత పత్రం పూజయామి’ అన్నారు పంతులుగారు. బజారు పత్రి కట్టలో వెతికితే మామిడాకులు తప్ప ఏమీ లేవు. అక్షతలతో సర్దేశారు.

చెట్టు వద్దని ఎవడన్నాడు? జొడిపి, పల్లా రకాలంటూ నెల్లూరు గొర్రెల గురించి స్టేజీ ఎక్కి గొప్పలు చెబుతారే, అవి ఇన్నాళ్లూ ఏం తిని బతికాయి, మీ బోర్డులా? జీవాలు కంచె దాటితే కాపరికి జరిమానా. నాటిన మొక్క మొదటి ఎండాకాలానికే మాడిపోతే ఎవరికీ జరిమానా లేదు! గడ్డి తన కార్బన్‌ను వేళ్లలో, మట్టిలో దాచుకుంటుంది. ఆ నేలను తవ్విపోసి, పైన నాలుగు పుల్లలు గుచ్చి, వాతావరణాన్ని కాపాడామంటారా? సిగ్గుండాలి.

నాటే ముందు వానాకాలంలో ఒకసారి కారు దిగి నడవండి, కాపరిని అడగండి. పూలూ మేతా ఉన్న నేలను వదిలేయండి. అంత నాటాలనుంటే, అమెరికా ఖండాల నుంచి వచ్చి మన చెరువుల్ని మింగేసిన చిల్లకంప ఎకరాలకెకరాలు ఉంది, దాన్ని పెరికి నాటుకోండి. కాకపోతే అక్కడ షామియానా వేయడం కష్టం, ఫొటోలో ముళ్లు పడతాయి.