నోటిమాట మీద ప్యాకెట్ క్యాప్చర్ వద్దు

విశాఖ రుషికొండ ఐటీ కొండల మీద ఏదో ఒక ఆఫీసు. రాత్రి షిఫ్టులో ఉన్న కుర్ర ఇంజినీరుకు పైనుంచి ఫోన్: 'నెట్ స్లోగా ఉందంటున్నారు, క్యాప్చర్ పెట్టు.' క్యాప్చర్ అంటే నెట్‌వర్క్‌లో ప్యాకెట్లుగా వెళ్లే డేటాను పట్టి ఫైల్లో దాచడం. మెయిల్ లేదు, పనిని నమోదు చేసే టికెట్ లేదు. అతను పెడతాడు. తెల్లారేసరికి ఆ అంతస్తులో పనిచేసే వాళ్లందరి ఇంటర్నెట్ రాకపోకలు ఒక ఫైల్లోకి చేరతాయి. ఏదైనా తేడా వస్తే ముందు దొరికేది ఆ కుర్రాడి లాగిన్ పేరే.

వైర్‌షార్క్, టీసీపీడంప్ లాంటి క్యాప్చర్ సాధనాలను మేము తప్పుపట్టడం లేదు. అవి లేకుండా నెట్‌వర్క్‌లో లోపం ఎక్కడుందో తేల్చడం చాలాసార్లు కుదరదు. కానీ అవి పట్టేది లోపాన్ని ఒక్కదాన్నే కాదు. హెచ్‌టీటీపీఎస్ (సైట్‌తో మన రాకపోకలను గుప్తీకరించే పద్ధతి) ఉంది కదా, లోపలి విషయం కనపడదు అంటారు. నిజమే. అయినా ఏ సైట్ తెరిచారో చెప్పే డీఎన్ఎస్ ప్రశ్నలు (సైట్ పేరు ఇచ్చి దాని చిరునామా అడిగేవి) ఎక్కువగా బాహాటంగానే వెళ్తాయి. ఎవరు క్యాన్సర్ ఆసుపత్రి పేజీ చూశారో, ఎవరు వేరే ఉద్యోగం వెతుక్కుంటున్నారో తెలియడానికి అది చాలు. ఎన్‌క్రిప్షన్ లేని పాత అప్లికేషన్లయితే పాస్‌వర్డ్ కూడా ఉన్నదున్నట్టు కనిపిస్తుంది.

చట్టం ఈ పనిని పూర్తిగా నిషేధించలేదు. ఐటీ చట్టం కింద 2009లో వచ్చిన ఇంటర్‌సెప్షన్ నిబంధనలు అనుమతి లేని నిఘాను కాదంటూనే, నిర్వహణ వంటి విధుల్లో అవసరమైనంత మేరకు సిబ్బందికి వెసులుబాటు ఇచ్చాయి. ఆ 'అవసరమైనంత' అన్నదే కీలకం. నోటిమాట తప్ప మరేమీ లేనివాడు దాన్ని రేపు ఎలా రుజువు చేసుకుంటాడు? అనుమతి లేకుండా డేటా కాపీ చేయడం ఐటీ చట్టం 43వ సెక్షన్ కిందికి వస్తుంది. మోసపు బుద్ధితో చేశాడని తేలితే 66వ సెక్షన్ కింద మూడేళ్ల వరకు జైలు. డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం, 2023 నిబంధనలు 2025 నవంబరులో వచ్చాయి. సంస్థల ప్రధాన బాధ్యతలు 18 నెలల గడువు తర్వాత అమలవుతాయి. తగిన భద్రత కల్పించకపోతే జరిమానా రూ.250 కోట్ల దాకా ఉండొచ్చు.

కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 180 రోజుల లాగ్‌లు దాచమంది కాబట్టి అన్నీ పట్టి ఉంచాలనే వాదనా వినిపిస్తుంది. 2022 ఏప్రిల్ 28 నాటి ఆ ఆదేశాలు అడిగింది సిస్టమ్‌లలో ఏం జరిగిందో నమోదయ్యే లాగ్‌లను. మనుషుల సంభాషణలను కాదు.

క్యాప్చర్ పెట్టే ముందు రెండు వాక్యాల మెయిల్ ఉండాలి. ఏ మెషిన్, ఎంతసేపు, హెడర్లేనా (ఎక్కడి నుంచి ఎక్కడికి అన్న వివరాలు) మొత్తమా, ఫైల్ ఎవరు తెరుస్తారు, ఎప్పుడు చెరిపేస్తారు అన్నది అందులో రాయాలి. ఆ మెయిల్ అడిగిన ఇంజినీరును మొండివాడిగా చూడకూడదు. మధురవాడ హాస్టళ్లలో వైఫై నడిపేవారికీ, కాలేజీ ల్యాబ్‌లకూ ఇదే వర్తిస్తుంది. విద్యార్థులకు ముందే నోటీసు పెట్టాలి. గూగుల్ 2025 అక్టోబరులో 1,500 కోట్ల డాలర్ల పెట్టుబడి ప్రకటించిన నగరం మనది. ఇక్కడి సంస్థలు ఈ వారమే తమ ల్యాప్‌టాప్‌లలో పడి ఉన్న పాత క్యాప్చర్ ఫైళ్లను వెతికి, దర్యాప్తుకో కేసుకో అవసరం లేనివాటిని చెరిపేయాలి.