కొఠియాను ఎవరూ ఎవరికీ రాసివ్వలేదు

కొఠియా అంటే ఒడిశాలోని మా కొరాపుట్ జిల్లాకూ ఆంధ్రాకూ సరిహద్దులో ఉన్న కొండ ఊళ్లు. రెండు రాష్ట్రాలూ మావేనంటాయి, అక్కడ చాలామంది దగ్గర రెండు రాష్ట్రాల కార్డులూ ఉంటాయి. వాటి మీద మా జిల్లా తెలుగువాళ్ల గ్రూపుల్లో ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. "2021లో ముఖ్యమంత్రులిద్దరూ కూర్చుని కొఠియా 21 ఊళ్లనూ ఒడిశాకు రాసిచ్చేశారు. సుప్రీంకోర్టు కూడా ఎప్పుడో తేల్చేసింది. ఇక ఆంధ్రా కార్డులు చెల్లవు, డబుల్ కార్డు దొంగల ఆట కట్టు" అని. మొన్న కుందులి సంతలో కొఠియా వైపు నుంచి వచ్చిన ఒక ముసలమ్మ నన్ను ఆపి, "బాబూ, మా పింఛను ఇంక రాదా?" అని అడిగింది. ఆమె టెన్షన్ చూశాక ఊరుకోలేకపోయాను.

రాసిచ్చేశారన్నది అబద్ధం. 2021 నవంబరు 9న భువనేశ్వర్‌లో అప్పటి ముఖ్యమంత్రులు జగన్ (ఆంధ్రా), నవీన్ పట్నాయక్ (ఒడిశా) కలిసిన మాట నిజమే. వంశధార నది మీద నేరడి బ్యారేజీ, జంఝావతి ప్రాజెక్టు, కొఠియా గురించి మాట్లాడుకున్నారు. రెండు రాష్ట్రాల ప్రధాన కార్యదర్శులతో కమిటీ వేయాలనుకున్నారు. ఒక్క ఊరు కూడా అటు ఇటు కాలేదు.

అసలు రాసివ్వాలన్నా అది ముఖ్యమంత్రుల చేతిలో పని కాదు. రాజ్యాంగం 3వ అధికరణ ప్రకారం రాష్ట్రాల పొలిమేర మార్చాల్సింది పార్లమెంటే. అప్పట్లో ఆంధ్రాలో ఉన్న తిరుత్తణి సంగతి పెద్దవాళ్లకు గుర్తుండే ఉంటుంది. పటాస్కర్ మధ్యవర్తిగా కూర్చుని తేల్చాక కూడా, 1959లో పార్లమెంటు చట్టం చేస్తేనే అది 1960 ఏప్రిల్ 1న మద్రాసులో కలిసింది. పోలవరం ముంపు మండలాలైతే, 2014లో తెలంగాణ వద్దు మొర్రో అన్నా పార్లమెంటు చట్టంతోనే ఆంధ్రాకు వచ్చాయి. కొఠియా మీద అలాంటి చట్టమేదీ రాలేదు.

ఇక కోర్టు. 1968లో ఒడిశా సుప్రీంకోర్టుకు వెళ్తే, యథాతథ స్థితి (ఉన్నది ఉన్నట్టే) ఉంచమంది. 2006లో ఆ దావాను ముగించిందే గానీ ఊళ్లు ఎవరివో చెప్పలేదు. అంతా తేలిపోయి ఉంటే 2021లో ఆంధ్రా అక్కడ పంచాయతీ ఎన్నికలు ఎలా పెట్టింది? కోర్టు ధిక్కారమంటూ ఒడిశా మళ్లీ సుప్రీంకోర్టుకు ఎందుకు పోయింది?

కార్డుల విషయానికొస్తే, ఆధార్ ఏ రాష్ట్రానిదీ కాదు. రెండు చోట్ల ఓటు ఉండటం మాత్రం చట్టం ఒప్పుకోదు, ఆ మాట దాచను. కానీ వాళ్లను దొంగలనడం నాకు చాలా బాధగా ఉంది. 1936లో ఒడిశా ఏర్పడ్డప్పుడు ఆ కొండ ఊళ్లు సర్వే కాకుండా మిగిలిపోయాయి. అది వాళ్ల తప్పా? ఆంధ్రా వైపు సాలూరు నుంచి ఒక ఆఫీసరు, ఒడిశా వైపు పొట్టంగి నుంచి ఇంకో ఆఫీసరు ఇంటి ముందుకొచ్చి కార్డు ఇస్తామంటే, బియ్యం లేని ఇల్లు ఏది వద్దంటుంది?

ముసలమ్మకు ఒకటే చెప్పాను: "పింఛను ఆగిపోయిందని ఎవరన్నా అంటే, ఆ ఆర్డరు కాగితం చూపించమను, అమ్మా."