తేలని చరిత్రనూ ఆడి చూపించాలి

మద్రాసు పుట్టుకకు సంతకం తిరుపతి దగ్గరి చంద్రగిరి రాజమహల్‌లోనే పడిందని మన ప్రాంతంలో గర్వంగా చెప్పుకుంటాం. 1639లో మద్రాసు వెలిసిన స్థలాన్ని ఈస్టిండియా కంపెనీకి ఇచ్చింది విజయనగర వంశపు చంద్రగిరి రాయల కింద ఉన్న దామర్ల వెంకటాద్రి నాయకుడు. అందుకున్నవాడు దుగరాజపట్నంలోని కంపెనీ కొఠీ (వర్తక స్థావరం) నుంచి వెళ్లిన ఫ్రాన్సిస్ డే. అయితే స్థలం ఇచ్చిన పత్రం మీదున్న జులై 22 నాటికి డే మద్రాసు తీరం చేరనే లేదని, అది ఆగస్టు 22 అయి ఉండాలని చరిత్రకారుల వాదన. సంతకం ఎక్కడ జరిగిందన్న దాని మీదా ఏకాభిప్రాయం లేదు. ఈ సందేహాన్ని దాచిపెట్టి కథ చెప్పడం తేలిక. సందేహంతో సహా ప్రదర్శనగా ఆడి చెప్పాలని మేం కోరుతున్నాం.

వీడియో, నీడలు, పాట, నటన కలిపి వలస పాలనను చూపే ప్రదర్శనలు ఇవాళ ప్రపంచమంతా వస్తున్నాయి. మొదటి ప్రపంచ యుద్ధంలో తెల్లవాళ్ల సైన్యాల బరువులు మోసిన ఆఫ్రికా కూలీల గురించి దక్షిణాఫ్రికా కళాకారుడు విలియం కెంట్రిడ్జ్ 2018లో లండన్‌లో అలాంటిదే చేశాడు. మనకు ఇది పరాయి విద్యేమీ కాదు. తెర మీద నీడలతో కథ నడిపిన తోలుబొమ్మలాట మనదే. ద్రౌపదమ్మ గుడి దగ్గర భారతం పెడితే పగలు హరికథ, రాత్రి నాటకం, చివర్లో నేల మీద పరుచుకున్న మట్టి దుర్యోధనుడి వధ! ఊరంతా ఆటలో భాగమే.

తిరుపతి గంగమ్మ జాతరనే చూడండి. భైరాగి, బండ, తోటి, దొర, మాతంగి వేషాలు కట్టి, ఆడవాళ్లను చెరిచిన పాలెగాడిని అమ్మ వెతికి చంపిన కథను ఏటా వీధుల్లో నడిపిస్తారు. అదే చిత్తూరు సీమలో 1804లో పాలెగాళ్లు కంపెనీ మీద తిరగబడితే సైన్యం అణచివేసింది. ఈ రెండూ ఒకే కాలపు కథలు కావు. కానీ పాలెగాడు దౌర్జన్యం చేసినవాడా, ఎదిరించినవాడా అని అడిగితే ఇక్కడ రెండు జవాబులూ వినిపిస్తాయి. వాటిని పక్కపక్కన నిలబెట్టడం నాటకానికి చేతనవుతుంది.

తిరుమల ఆలయ వ్యవహారాలు కూడా 1801 నుంచి 1843లో హథీరాంజీ మఠానికి అప్పగించేదాకా కంపెనీ చేతిలోనే ఉన్నాయి. ఆలయ నిర్వహణకు కంపెనీ రాసిపెట్టిన 1821 నాటి బ్రూస్ కోడ్‌లో నిబంధనలు దొరుకుతాయి. వాటి కింద పనిచేసిన అర్చకుడి మనసు, డోలీ మోసిన బోయీ మనసు అందులో దొరకవు.

అందుకే భారతం బృందాలను, జాతర వేషగాళ్లను, శ్రీకాళహస్తి కలంకారీ చిత్రకారులను, వీడియో పని తెలిసిన కుర్రాళ్లను ప్రభుత్వం ఒకచోట కూర్చోబెట్టాలి. పాత రికార్డుల నకళ్లు వాళ్ల చేతికివ్వాలి. రిహార్సల్ రోజులకూ డబ్బు కట్టివ్వాలి, ఎందుకంటే కూలి పోగొట్టుకుని ఎవరూ నెలల తరబడి సాధన చేయలేరు. స్క్రిప్టులోని సందేహాలను అధికారుల కమిటీ కొట్టేయకూడదు. సౌండ్ అండ్ లైట్ షో జరిగిన రాజమహల్ ముంగిట్లోనే మొదటి ప్రదర్శన వేసి, ఆ తర్వాత భారతం ఆడే ఊళ్లకు టికెట్ లేకుండా తీసుకెళ్లాలి.