టంకం వేసిన లాప్‌టాప్ గారికి

మహారాజశ్రీ లాప్‌టాప్ గారికి,

నమస్కరించి వ్రాయునది. మామూలు స్క్రూడ్రైవరుకు లొంగని తమ పది మరలను విప్పడానికి ప్రత్యేకమైన పనిముట్టు తెప్పించి, ఈ మధ్యాహ్నమంతా వెచ్చించి తమ వీపు తెరిచాను. 8 జీబీ ర్యామ్‌ను 16 జీబీ చేసుకుందామన్నదే నా కోరిక. తీరా చూస్తే లోపల ర్యామ్ గుచ్చుకునే స్లాటే లేదు. కొన్ననాడు వివరాల పట్టికలో ‘ఆన్‌బోర్డ్’ అన్న మాట చదివి అదేదో అదనపు సౌకర్యమనుకున్నాను. చిప్పులు మదర్‌బోర్డుకు టంకంతో అతుక్కున్నాయి, చిప్ప నా చేతికి వచ్చింది.

తమ పూర్వీకులు ఇలా ఉండేవారు కాదు. 1981 నాటి ఐబీఎం పీసీలో ఐదు విస్తరణ స్లాట్లు ఉండేవి. సర్క్యూట్ చిత్రాలనే కాదు, యంత్రాన్ని మేల్కొలిపే బయాస్ కోడ్‌ను సైతం మాన్యువల్‌లో అచ్చువేసి అమ్మారు. ఇతర కంపెనీలు దానికి దీటైన యంత్రాలు చేసి సంత నింపేసరికి ఐబీఎం పెద్దమనిషికీ బుద్ధి మారి, 1987లో లైసెన్సు రుసుముతో మైక్రో ఛానెల్ అనే కొత్త ‘బస్సు’ను, అంటే ఆ స్లాట్లకూ బోర్డుకూ మధ్య సమాచారం మోసే దారిని, తెచ్చాడు. మరుసటి ఏడే తొమ్మిది కంపెనీలు కలిసి ఈఐఎస్ఏ అనే సొంత బస్సును ప్రకటించాయి.

తక్కువ కరెంటుతో వేగంగా నడిచే మెమరీకి ప్రాసెసరు దగ్గరగా ఉండాలని, మధ్యలో కనెక్టరు వస్తే సిగ్నల్ దెబ్బతింటుందని తమరు సెలవిస్తారు. నిజమే, ఒప్పుకుంటాను. కానీ అదే జాతి మెమరీని మరలతో బిగించుకునే క్యామ్2 ప్రమాణం 2023 డిసెంబరులోనే వెలువడింది కదా! పోనీ, ర్యామ్‌కు ఆ సాకు ఉంది. ఫైళ్లు దాచే ఎస్ఎస్‌డీకి ఏం రోగం? దాన్ని ఊడదీసి మార్చుకునే ఎం.2 స్లాటు పెడితే నీ సొమ్మేం పోయింది? రేపు బోర్డు మీద ఏదో చిన్న చిప్పు కాలిపోతే, బోర్డుతో పాటు నా ఫొటోలు, నా ఫైళ్లు, పదేళ్ల నా రాతకోతలు అన్నీ చెత్తబుట్టలోకేనా? బ్యాటరీని జిగురుతో అంటించిన సంగతి ఇంకా ఎత్తనేలేదు.

మూత బిగించాక ఒక మర మిగిలింది. నువ్వు మాత్రం ఏమీ ఎరగనట్టు లేచి కూర్చున్నావు. ఈ ఉత్తరం నీ మీదే రాస్తున్నాను. బ్రౌజరులో మరో ట్యాబు తెరిచినప్పుడల్లా అక్షరాలు ఆగి ఆగి పడుతున్నాయి.

ఇట్లు,
వీపు వరకే నీ యజమాని