మహారాజశ్రీ నడుము బెల్టు గారికి

మహారాజశ్రీ నడుము బెల్టు గారికి దేవరకొండ ఎరువుల దుకాణం నుంచి వ్రాయునది ఏమనగా, ఇక్కడ అందరం క్షేమం. నడుము కూడా క్షేమమే. మీకు కష్టంగా ఉంటుందని తెలిసీ ఆ మాట రాస్తున్నాను.

మన పరిచయం వానాకాలం సీజనులో అయింది. యూరియా లారీ వచ్చింది. దింపేది హమాలీలు, లెక్క రాసేది నేను. ఆ రోజు ఒకతను రాలేదు. పక్క దుకాణం వాళ్లు చూస్తున్నారని రోషానికి పోయి ఒక బస్తా నేనే ఎత్తాను. 2018లో యూరియా బస్తా 50 కిలోల నుంచి 45కు దిగింది కదా, ఆ ఐదు కిలోల మీద అంత ధీమా. మోకాళ్లు వంచలేదు. బస్తాను ఒంటికి ఆనించుకోలేదు. చేతులు చాచి, నడుము వంచి లేపాను, లేపుతూనే పక్కకు తిరిగాను. చట్‌న పట్టేసింది.

మొదటి రోజు జిందా తిలిస్మాత్ రాశారు. రెండో రోజు ఎదురుకాళ్లతో పుట్టిన పిల్లవాణ్ని పిలిపించి నడుము మీద మూడు తన్నులు తన్నించారు. వాళ్ల నాన్నకు నా దుకాణంలో బాకీ ఉంది. మూడో తన్ను మందుగా తగలలేదు. మూడో రోజు మీరు వేంచేశారు.

ఏం దర్జా మీది! పొద్దున చర్‌ర్‌మని పట్టీ లాగి చొక్కా మీద బిగిస్తే నాకే నేను పహిల్వాన్‌లా కనిపించేవాణ్ని. కౌంటర్ దగ్గరికి వచ్చిన ప్రతివాడూ "ఏమైంది సేటూ?" అని అడగడం, నేను నిట్టూర్చడం. బేరం కూడా తగ్గింది. నొప్పితో ఉన్న మనిషితో ఏం గీచులాడతారు? నిజానికి మూడు వారాలకే నొప్పి పోయింది. ఇట్లాంటి పట్టు చాలామందికి కొన్ని వారాల్లో దానంతటదే తగ్గుతుందట. ఆ పేరు మీరు కొట్టేశారు. పోయిన నొప్పికి కాపలాగా తొమ్మిది నెలలు నా ఒంటి మీదే ఉన్నారు.

హమాలీలు మాత్రం మిమ్మల్ని లెక్క చేయలేదు. "మూట మేం మోస్తున్నం, బెల్టు నీకెందుకు సేటూ?" అని ఒకడు అననే అన్నాడు. నవ్వేశాను. జవాబుంటే కదా.

ఈలోపు నొప్పి మళ్లీ వచ్చింది, ఈసారి బస్తా కూడా ఎత్తకుండానే. ఎంఆర్ఐ తీయించాం. వెన్నుపూసల మధ్య మెత్తలా ఉండే డిస్కు ఉబ్బిందని రిపోర్టులో చూసి ఇంట్లో ఒకటే ఏడుపులు. మిమ్మల్ని ఇంకో రంధ్రం బిగించుకుందామంటే మీకు రంధ్రాలు కూడా లేవు.

అప్పుడే మర్రిగూడ దిక్కు నుంచి ఒక పెద్దాయన విత్తనాలకు వచ్చాడు. ఆయన పక్కకు చూడాలంటే మెడ తిప్పడు, మనిషే తిరుగుతాడు. చిన్నప్పటి నుంచి తాగిన ఫ్లోరైడ్ బోరునీళ్లు వెన్నును కొయ్యలా బిగించాయి. లీటరు నీటిలో ఫ్లోరైడ్ 1.5 మిల్లీగ్రాములు దాటొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ మాట. బావికీ బోరుకూ ఆ సంగతి ఎవరు చెప్పాలి? ఆ నీళ్లను పటిక, సున్నం వేసి బాగుచేసే పద్ధతికి 'నల్లగొండ టెక్నిక్' అని పేరు. అట్లా మా జిల్లా పేరు పుస్తకాల్లోకి ఎక్కింది. ఇప్పుడు ఇంటికి నల్లా నీళ్లు వస్తున్నాయి గానీ, బిగిసిన ఎముక మళ్లీ వదలదు కదా. ఆ పెద్దాయన మిమ్మల్ని పైకీ కిందికీ చూసి, "ఇది పెట్టుకుంటే నాక్కూడా మెడ తిరుగుతదా బిడ్డా?" అని అడిగాడు.

ఆ సాయంత్రమే మిమ్మల్ని విప్పేశాను.

మర్నాడు నల్లగొండలో ఫిజియోథెరపిస్టు దగ్గరికి పోయాను. మా అమ్మాయి వయసుంటుంది. రిపోర్టు చూసి బెదరలేదు. యాభై ఏళ్లవాళ్లలో నొప్పే లేనివాళ్లకు తీసినా నూటికి అరవై మందికి డిస్కు ఉబ్బు కనిపిస్తుందట. "కాళ్లు బలం తప్పడం, తొడల మధ్య మొద్దుబారడం, ఒంటికి, రెంటికి పట్టు తప్పడం ఉంటే వెంటనే పెద్ద దవాఖానకు ఉరకాలె. జ్వరంతో నొప్పి వచ్చినా, ఊరికే బరువు తగ్గినా చూపించుకోవాలె. మీకవేం లేవు అంకుల్. రోజుకు ఎన్ని గంటలు కూర్చుంటరు?" అంది.

పన్నెండు అని చెప్పడానికి నోరు రాలేదు. పది అన్నాను.

బెల్టు గారూ, మీ గురించి కూడా అడిగాను. అడక్కపోయినా బాగుండేది. 2023 డిసెంబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ దీర్ఘకాలపు నడుము నొప్పి మీద సూచనలు విడుదల చేసిందట. మామూలుగా వాడొద్దన్న వాటిలో బెల్టుల పేరు ఉందట. జెనీవా దాకా పాకింది మీ కీర్తి. మంచం పట్టి పడుకోవడం కూడా మంచిది కాదంది. కదలాలట. కదలకుండా ఉండడానికే కదా నేను మిమ్మల్ని కొన్నది!

ఇప్పుడు అరగంటకోసారి కుర్చీలోంచి లేచి గోడౌను దాకా పోయి వస్తున్నాను. దొంగతనం ఏమైనా పసిగట్టానేమోనని గుమాస్తాకు ఒకటే టెన్షన్. కుర్చీకి నడుము దగ్గర టవల్ చుట్టి పెట్టాను. వెనక జేబులో బాకీ చీటీలతో ఇటుకలా ఉబ్బిన పర్సు డ్రాయరులోకి పోయింది. అన్నాళ్లూ బాకీలన్నిటి మీదా వంకరగా కూర్చున్నానన్నమాట. పొద్దున ఖిల్లా వైపు నడక. వచ్చాక వెల్లకిలా పడుకుని, మోకాళ్లు మడిచి నడుము పైకి లేపడం పదిసార్లు. మొదటి వారం ఏడోసారికే ప్రాణం పోయేది. బస్తా ఎత్తాల్సి వస్తే ఇద్దరం పడతాం, లేదా హమాలీ వచ్చేదాకా బస్తా అక్కడే ఉంటుంది.

మా ఇంటావిడ ఇరవై ఏళ్లుగా పొట్టి చీపురుతో వంగి వాకిలి ఊడుస్తూ "నడుము లాగుతోంది" అంటూనే ఉంది. మాకెవరికీ బెల్టు గుర్తు రాలేదు, పొడుగు కర్ర చీపురు అసలే గుర్తు రాలేదు. నాతో వచ్చి ఆ అమ్మాయి చెప్పినవన్నీ విని, తిరుగు దారిలో చీపురు తానే కొనుక్కుంది. మిమ్మల్ని మేకు నుంచి తీసి చలికాలం బొంతల మూటకు బిగించి సజ్జ మీదికి ఎక్కించింది కూడా ఆవిడే. మూట జారలేదు. అంత గట్టిగా మీరు నన్నెప్పుడూ పట్టుకోలేదు.

నిన్న హాలియా నుంచి బామ్మర్ది ఫోన్ చేశాడు. "బావా, నడుము పట్టింది, నీ బెల్టు ఖాళీగానే ఉందట కదా, బస్సులో పంపు" అన్నాడు. మా ఆవిడ ఫోన్ గుంజుకుని, "బొంతలు విప్పనురా, లేచి నడువు" అని పెట్టేసింది.