స్పిట్‌ఫైర్ మీద హైదరాబాద్ పేరు

సెప్టెంబర్ 15 'బ్యాటిల్ ఆఫ్ బ్రిటన్ డే', రెండో ప్రపంచ యుద్ధంలో జర్మన్ విమానాల దాడిని బ్రిటన్ తిప్పికొట్టిన దానికి గుర్తు. అది దగ్గర పడిందంటే మన తెలుగువాళ్లం ఉంటున్న ఈ ఇంగ్లండ్‌లో ఎక్కడో ఒకచోట ఆనాటి యుద్ధవిమానం స్పిట్‌ఫైర్ ఎగురుతుంది. ఆ మెర్లిన్ ఇంజన్ మోతకు గుండె అదురుతుంది. పిల్లల్ని భుజాల మీద ఎక్కించుకుని చూపిస్తాం, ఫోన్లో వీడియో తీసుకుంటాం, 'వాళ్ల విమానం, వాళ్ల పండగ' అనుకుంటూ ఇంటికొచ్చేస్తాం. అది మన పండగ కూడా అని నా వాదన.

1940లో ఇంగ్లండ్ దక్షిణ తీరాన్ని కాచిన స్పిట్‌ఫైర్ దళాల్లో ఒకటి 152వ హైదరాబాద్ స్క్వాడ్రన్. దాని అధికార చిహ్నంలో ఉన్నది నిజాం తలపాగా. కింద 'నమ్మకమైన మిత్రుడు' అని రాసి ఉంటుంది. నిజాం ఇచ్చిన విరాళానికి గుర్తుగా ఆ పేరు పెట్టారు. హరికేన్లనే మరో రకం యుద్ధవిమానాలు నడిపిన 253వ స్క్వాడ్రన్‌దీ హైదరాబాద్ పేరే.

స్పిట్‌ఫైర్ చూడ్డానికి ఎంత అందమో, నడిపేవాడికి అంత పరీక్ష. నేల మీద ఉన్నప్పుడు పొడవాటి ముక్కు అడ్డమొచ్చి ఎదురుగా ఏమీ కనపడదు. పాములా మెలికలు తిప్పుకుంటూ రన్‌వే దాకా పోవాలి. మొదట్లో వచ్చిన వాటిలో చక్రాలు పైకి లేవాలంటే కుడిచేత్తో పంపు కొట్టాలి. ఆ ఊపుకు విమానాన్ని నడిపే కర్ర పట్టుకున్న ఎడమచెయ్యి కూడా కదిలి, విమానం పైకీ కిందికీ ఊగుతూ లేచేది. పెట్రోలు ట్యాంకు సరిగ్గా పైలట్ మోకాళ్ల ముందు. ఎనిమిది తుపాకులున్నా, ఆగకుండా కాలిస్తే తూటాలు పదిహేను సెకన్లకే అయిపోతాయి. అందులో కూర్చున్నవాళ్లకు ఇరవై, ఇరవై రెండేళ్లు. మన ఇళ్లలో ఆ వయసు వాళ్లకి ఇంకా అన్నం తిన్నావా అని ఫోన్ చేసి అడుగుతాం.

152వ స్క్వాడ్రన్ పైలట్ కెన్నెత్ హాలండ్ సిడ్నీలో పుట్టాడు. 1940 సెప్టెంబర్ 25న ఒక జర్మన్ బాంబర్‌తో తలపడి, సోమర్‌సెట్‌లోని వుల్వర్టన్ దగ్గర కూలిపోయాడు. ఇరవై ఏళ్లు. అక్కడ అతని పేరున ఒక రాయి ఉంది. ఎక్కడి సిడ్నీ, ఎక్కడి సోమర్‌సెట్, ఎక్కడి హైదరాబాద్!

విరాళం నిజాందే, కానీ ఆ ఖజానా నింపినవాళ్లలో మన తెలంగాణ రైతులున్నారు. వెట్టి చేస్తూ, శిస్తు కడుతూ బతికిన మన తాతముత్తాతలు. తమ కష్టం ఏ ఆకాశంలో ఎగిరిందో వాళ్లని ఎవరూ అడగలేదు, ఎవరూ చెప్పలేదు. ఈ బాధని దాచి పండగ చేసుకోమని నేననను. పైలట్ల ధైర్యం ఎంత నిజమో, ఆ చెమట కూడా అంతే నిజం. రెండూ కలిపి చెబితేనే మన పిల్లలకు ఆ విమానం మీద హక్కు వస్తుంది. సిమ్లాలో పుట్టి, తలపాగాతోనే హరికేన్ ఎక్కిన మహీందర్ సింగ్ పుజ్జీకి గ్రేవ్‌సెండ్‌లో విగ్రహం నిలబెట్టారు. మనకి విగ్రహం అక్కర్లేదు, తెలుసుకుంటే చాలు.

152వ స్క్వాడ్రన్ ఆ వేసవిలో ఉన్నది డార్సెట్‌లోని వార్మ్‌వెల్‌లో. ఊరి చర్చి ఆవరణలో వైమానికుల సమాధులున్నాయి. ఇక్కడి మన తెలుగు సంఘం వాళ్లు ఏటా ఎటో ఒకచోటికి బస్సు వేస్తూనే ఉంటారు, ఈసారి అటు వేయండి. బతుకమ్మ రోజులు కూడా దగ్గర్లోనే ఉంటాయి కాబట్టి, తెప్పించే బంతిపూలలోంచి ఒక గంపెడు అక్కడికి తీసుకెళదాం.